బోరు మోటర్ బోర్డులో వాచ్‌డాగ్‌కు ఎన్ని సెకండ్లు పెట్టాలి?

ఆర్డుయినోతో బోర్డు చేసిన పిల్లలను వాచ్‌డాగ్ (ప్రోగ్రాం ఇరుక్కుంటే చిప్పును రీసెట్ చేసే టైమర్) ఎంత పెట్టారని అడిగితే, పదిమందిలో ఎనిమిది మంది 8 సెకండ్లు అంటారు. ఎందుకు 8 అంటే, ఆ చిప్పులో అదే అన్నిటికన్నా పెద్దది. పెద్దది పెడితే బేఫికర్ అని వాళ్ల లెక్క. మిగిలినవాళ్లు 2 సెకండ్లు పెడతారు. మెసేజ్ పంపినప్పుడల్లా బోర్డు రీసెట్ అవుతుంటే విసుగొచ్చి వాచ్‌డాగ్‌నే తీసేస్తారు. రెండూ అందాజా పనులే.

నాకు నల్లగొండ ప్రకాశం బజార్ దగ్గర చిన్న దుకాణం ఉంది. స్టార్టర్ డబ్బాల రిపేరు ఒక పని. ఫోన్ కొడితే మోటర్ ఆన్, ఆఫ్ అయ్యే బోర్డులు తయారుచేయడం ఇంకో పని. బోర్డు మీద ఆర్డుయినోలో ఉండే అట్మెగా 328పీ చిప్పు, సిమ్ కార్డుతో మెసేజ్‌లు పంపే సిమ్ 800ఎల్ మాడ్యూలు, మూడు ఫేజుల కరెంటు కొలవడానికి మూడు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు, రెండు రిలేలు ఉంటాయి. కొన్ని బోర్డులు ఎస్టీఎం32 అనే ఇంకో చిప్పు మీద కూడా చేస్తాను. ఎక్కువగా తిప్పర్తి, కనగల్ వైపు బత్తాయి తోటలకు పోతాయి, కొన్ని కల్వకుర్తి దాకా వెళ్లాయి. ఈ బోర్డునే ఉదాహరణగా పెట్టుకుని, వాచ్‌డాగ్ టైమ్‌ను ఎట్లా లెక్కగడతానో చెప్తాను. మీ బోర్డు వేరైనా లెక్క ఇదే.

వాచ్‌డాగ్ అంటే ఏమిటో రెండు మాటల్లో. చిప్పు లోపల ప్రోగ్రాంతో సంబంధం లేకుండా నడిచే ఒక టైమర్ అది. మీ ప్రోగ్రాం అప్పుడప్పుడు దానికి కిక్ ఇచ్చి సున్నాకు తేవాలి. పెట్టిన టైమ్‌లోపల కిక్ రాకపోతే ప్రోగ్రాం ఎక్కడో ఇరుక్కుందని లెక్కేసి చిప్పును రీసెట్ చేస్తుంది. ఆ టైమ్ ఎంత అన్నదానికి రెండు హద్దులు ఉంటాయి. పై హద్దును చేను దగ్గర చూసి పట్టుకోవాలి, కింది హద్దును ప్రోగ్రాంలో కొలిచి పట్టుకోవాలి. రెండింటి మధ్య చోటు లేకపోతే సంఖ్యతో ఆడుకోవద్దు, ప్రోగ్రాంను మార్చండి.

పై హద్దు: బోర్డు చచ్చిపడి ఉంటే మోటర్ ఎంతసేపు ఆగగలదు?

ఇది కంప్యూటర్ ముందు కూర్చుంటే తెలియదు. మనం కాపాడుతున్న వస్తువు ఏమిటో, అది ఎట్లా చెడిపోతుందో తెలియాలి.

నా బోర్డులో స్టార్ట్ రిలే పచ్చ బటన్‌కు పక్కన సమాంతరంగా ఉంటుంది, స్టాప్ రిలే ఎర్ర బటన్‌కు సీరీస్‌లో ఉంటుంది. స్టార్ట్ రిలేకు ఒక సెకను పల్స్ ఇస్తే చాలు, కాంటాక్టర్ (మోటర్‌కు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) తన కాంటాక్ట్ తోనే పట్టుకుని ఉంటుంది. కాబట్టి బోర్డు హ్యాంగ్ అయినా మోటర్ నడుస్తూనే ఉంటుంది. ఆ సమయంలో ఒక ఫేజు పోయిందనుకోండి. మోటర్ మిగిలిన రెండు ఫేజుల మీద గుంజుతుంది, కరెంటు పెరుగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది. స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే ఉంది కదా అంటారు. ఉంటుంది, కానీ మాటిమాటికీ ట్రిప్ అవుతున్నదని దాని సెట్టింగ్‌ను చివరిదాకా తిప్పిపెట్టిన డబ్బాలే నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. బోర్లో నీళ్లు అయిపోయి డ్రై రన్ అయినా చూసేవాడు ఉండడు. మోటర్ కాలితే రీవైండింగ్ ఖర్చు ఒక్కటే కాదు, పైపులన్నీ లాగి మోటర్‌ను పైకి తీసే కూలీ కూడా ఉంటుంది. బోర్డు తీసుకుపోయే ముందు ఒక పెద్దాయన అన్న మాట నాకు స్పెసిఫికేషన్ లాంటిది: "మెసేజ్ రాకున్నా మంచిదే గని, మోటర్ కాలొద్దు బిడ్డా."

ఇంతకన్నా పాడు సంగతి ఇంకోటి ఉంది, దీన్ని చాలామంది గమనించరు. స్టార్ట్ పల్స్ ఇస్తున్న ఆ ఒక్క సెకనులోనే ప్రోగ్రాం ఇరుక్కుంటే స్టార్ట్ రిలే అట్లాగే మూసుకుని ఉండిపోతుంది. అంటే పచ్చ బటన్‌ను ఎవరో నొక్కి పట్టుకున్నట్టే. ఇప్పుడు రైతు వచ్చి ఎర్ర బటన్ నొక్కితే మోటర్ ఆగుతుంది, వేలు తీయగానే మళ్లీ మొదలవుతుంది. ఆగిందనుకుని ఫ్యూజు దగ్గరో పైపు దగ్గరో చెయ్యి పెట్టాడంటే పెద్ద లొల్లి. ఇట్లాంటి పరిస్థితి ఎన్ని సెకండ్లు ఉండవచ్చో మీరే చెప్పండి. 8 చాలా ఎక్కువ.

సరే, లెక్క. బోర్డు బాగున్నప్పుడు ఫేజు పోయిన 3 సెకండ్లకు నా ప్రోగ్రాం మోటర్‌ను ఆపుతుంది. ఇంకా తొందరగా ఆపొచ్చు, కానీ పక్క మోటర్ స్టార్ట్ అయినప్పుడు వోల్టేజీ ఒక క్షణం పడిపోతుంది, దానికీ ఆపితే రైతు తిడతాడు. రీసెట్ తర్వాత ప్రోగ్రాం లేచి కొలత మొదలుపెట్టడానికి 1 సెకను అనుకుందాం. ఫేజు పోయేముందే బోర్డు హ్యాంగ్ అయితే మోటర్ తట్టుకోవాల్సిన టైమ్ ఇది: వాచ్‌డాగ్ టైమ్, దానికి 1, దానికి 3. మొత్తం 8 సెకండ్లు దాటొద్దని నేను హద్దు పెట్టుకున్నాను. అంటే వాచ్‌డాగ్‌కు మిగిలేది 4. ఇదీ పై హద్దు.

మీది మొక్కలకు నీళ్లు పట్టే చిన్న వాల్వ్ అయితే ఈ హద్దు ఒక నిమిషం ఉన్నా ఏం కాదు. హీటర్ అయితే దాని కథ వేరు. ఎవరి వస్తువును బట్టి వాళ్లు తేల్చుకోవాలి.

కింది హద్దు: లూప్ ఒక్క చుట్టు తిరగడానికి ఎంత పడుతుంది?

ఊహించొద్దు, కొలవండి. లూప్ (ప్రోగ్రాంలో మళ్లీ మళ్లీ తిరిగే భాగం) మొదట్లో మైక్రోస్ (మైక్రో సెకండ్ల గడియారం) విలువ తీసుకోండి, చివర్లో ఇంకోసారి తీసుకోండి, తేడా ఇప్పటిదాకా వచ్చినవాటిలో పెద్దదైతే ఒక వేరియబుల్‌లో దాచండి. సీరియల్‌లో చూడొచ్చు, లేదా స్టేటస్ మెసేజ్ చివర్లో ఆ సంఖ్యను కూడా పంపించొచ్చు. నేను మెసేజ్‌లోనే పంపిస్తాను, తోటలో ఉన్న బోర్డు ఏం చేస్తున్నదో దుకాణంలో కూర్చుని తెలుసుకోవచ్చు.

టేబుల్ మీద అన్నీ బాగున్నప్పుడు కొలిచి సంతోషపడొద్దు. యాంటెన్నా పీకేసి కొలవండి. సిమ్ తీసేసి కొలవండి. డిస్‌ప్లేకు పోయే ఎస్‌డీఏ అనే డేటా తీగను గ్రౌండ్‌కు తాకించి కొలవండి. కాంటాక్టర్‌ను పక్కనే పెట్టి టకటకా ఆన్ ఆఫ్ చేస్తూ కొలవండి. అసలు సంఖ్య అప్పుడు బయటపడుతుంది.

ఏమేం దొరుకుతాయంటే: కరెంటు కొలతకు ఒక్కో ఫేజులో 5 సైకిళ్లు చూస్తే, మన 50 హెర్ట్జ్ కరెంటుకు 100 మిల్లీ సెకండ్లు, మూడు ఫేజులకు 300. ఇది న్యాయమైన ఖర్చు. డబ్బా వేడి చూసే డీఎస్18బీ20 సెన్సార్ 12 బిట్ల కొలతకు 750 మిల్లీ సెకండ్ల దాకా తీసుకుంటుంది, లైబ్రరీని అట్లాగే వాడితే ప్రోగ్రాం అంతసేపూ నిలబడి ఉంటుంది. కొలత మొదలుపెట్టమని చెప్పి వెళ్లిపోయి, సెకను తర్వాత వచ్చి విలువ తీసుకుంటే ఆ ఖర్చు పోతుంది. ఎస్‌డీఏ ఇరుక్కుంటే ఆర్డుయినో వైర్ లైబ్రరీ ఎంతకాలమైనా ఎదురుచూస్తూ కూర్చుంటుంది. దానికి టైమ్‌అవుట్ పెట్టే ఫంక్షన్ ఉంది, సెట్ వైర్ టైమ్‌అవుట్ అని, కానీ అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. మనమే ఆన్ చేయాలి. 25 మిల్లీ సెకండ్లు చాలు.

అసలు దయ్యం మాత్రం మాడ్యూలు. మెసేజ్ పంపే కమాండ్‌కు జవాబు రావడానికి సిమ్ 800 మాన్యువల్ 60 సెకండ్ల దాకా టైమ్ ఇస్తుంది. ఇంటర్నెట్ కనెక్షన్ తెరవడానికి ఇంకా ఎక్కువ. సిగ్నల్ ఒక్క గీత ఉన్న తోటలో ఇది నిజంగానే జరుగుతుంది. ఇక్కడే అందరూ వాచ్‌డాగ్‌తో గొడవ పడతారు. అట్మెగాలో 8 సెకండ్లకు మించి లేదు, మాడ్యూలుకేమో 60 కావాలి. అప్పుడు ఏం చేస్తారు? జవాబు కోసం ఎదురుచూసే వైల్ లూప్ లోపల ఒక కిక్ పెడతారు. రీసెట్లు ఆగిపోతాయి, పని అయిపోయిందనుకుంటారు. కానీ ఆ 60 సెకండ్లూ ఫేజులను చూసేది ఎవరు? వాచ్‌డాగ్‌కు అంతా బాగుందని చెప్తూనే మోటర్‌ను గాలికొదిలేసినట్టు.

మందు ఒక్కటే, మాడ్యూలు పనిని ముక్కలు చేయడం. కమాండ్ పంపండి, మిల్లీస్ (మిల్లీ సెకండ్ల గడియారం) విలువ రాసిపెట్టుకోండి, ఏ దశలో ఉన్నామో ఒక వేరియబుల్‌లో పెట్టండి, వెంటనే బయటికి వచ్చేయండి. తర్వాతి చుట్టులో వచ్చి సీరియల్ బఫర్‌లో ఉన్న అక్షరాలను తీసుకోండి. జవాబు పూర్తయితే తర్వాతి దశకు, కాకపోతే మళ్లీ బయటికి. 60 సెకండ్లు దాటితే ఫెయిల్ అని రాసుకుని మాడ్యూలును బాగుచేసే దశకు పోండి. మొదటిసారి రాసేటప్పుడు తలనొప్పిగానే ఉంటుంది. కానీ ఆ తర్వాత మెసేజ్‌కు ఒక నిమిషం పట్టినా లూప్ మాత్రం ఆగదు. సెటప్‌లో కూడా ఇదే పద్ధతి. నెట్‌వర్క్ దొరికేదాకా సెటప్‌లో తిరగడం మానేయండి. సెటప్ అంటే పిన్నులు, సీరియల్, రెండు మూడు విలువలు చదవడం, అంతే.

ఇవన్నీ చేశాక నా బోర్డులో పాడు పరిస్థితిలో కూడా ఒక చుట్టు 400 మిల్లీ సెకండ్ల దగ్గర ఆగింది. దానికి మూడు రెట్లు తీసుకుంటాను, రేపు ఎవరైనా కొత్త ఫీచర్ కలిపినా చోటు ఉండాలి. అంటే 1.2 సెకండ్లు. కింద 1.2, పైన 4. ఇప్పుడు సంఖ్య దానంతటదే దొరుకుతుంది.

అట్మెగాలో పెట్టడం

ఈ చిప్పులో వాచ్‌డాగ్‌కు విడిగా 128 కిలోహెర్ట్జ్ ఆసిలేటర్ ఉంది. పది మెట్లు ఉన్నాయి: 16 మిల్లీ సెకండ్లతో మొదలై 32, 64, 125, 250, 500, తర్వాత 1, 2, 4, 8 సెకండ్లు. మధ్యలో ఏదీ రాదు. నా హద్దుల్లో 2, 4 రెండూ పడతాయి. 4 పెట్టను. ఈ ఆసిలేటర్ క్వార్ట్జ్ కాదు, వోల్టేజీని బట్టీ వేడిని బట్టీ మారుతుంది, డేటాషీట్‌లో ఉన్నవి మామూలు విలువలే. 4 పెడితే పై హద్దు దాటే అవకాశం ఉంది. 2 పెడితే కొంచెం అటూ ఇటూ అయినా మధ్యలోనే ఉంటాం.

లైబ్రరీ వాడితే ఒక్క లైను పని: డబ్ల్యూడీటీ ఎనేబుల్ ఫంక్షన్‌కు 2 సెకండ్ల స్థిరాంకం ఇవ్వడమే. రిజిస్టర్‌తో నేరుగా చేస్తే మాత్రం వరుస తప్పొద్దు. ముందు ఇంటరప్టులు (నడుస్తున్న ప్రోగ్రాం మధ్యలో దూరే పనులు) ఆపండి, వాచ్‌డాగ్‌కు ఒక కిక్ ఇవ్వండి, డబ్ల్యూడీటీసీఎస్‌ఆర్ రిజిస్టర్‌లో డబ్ల్యూడీసీఈ, డబ్ల్యూడీఈ బిట్లు రెండూ ఒకేసారి 1 చేయండి. అక్కడినుంచి నాలుగు క్లాక్ సైకిళ్ల లోపల కొత్త విలువ రాయాలి. మధ్యలో ఇంటరప్ట్ వస్తే టైమ్ దాటిపోతుంది, రాసింది పడదు. ఎర్రర్ ఏమీ చూపించదు, పాత టైమ్‌తోనే నడుస్తుంది.

ఇంకో గుంత ఉంది. వాచ్‌డాగ్ రీసెట్ అయ్యాక ఈ చిప్పులో వాచ్‌డాగ్ ఆఫ్ కాదు. పైగా టైమ్ 16 మిల్లీ సెకండ్లకు పడిపోతుంది. మీ ప్రోగ్రాం లేచేలోపే మళ్లీ రీసెట్. పాత బూట్‌లోడర్ (చిప్పు లేవగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రాం) ఉన్న ఆర్డుయినో నానో క్లోన్లలో ఇదే జరుగుతుంది, ఎల్ఈడీ తపతపా కొట్టుకుంటూ బోర్డు ఇక పైకి లేవదు, కరెంటు తీసి పెడితేనే లేస్తుంది. తోటలో ఉన్న బోర్డుకు కరెంటు తీసి పెట్టేదెవరు? ఆప్టిబూట్ బూట్‌లోడర్‌లో ఈ బాధ లేదు. ఇంకో ఊనోను ప్రోగ్రామర్‌గా పెట్టుకుని ఆప్టిబూట్ ఎక్కించండి, ఐదు నిమిషాల పని. బూట్‌లోడర్ లేకుండా నేరుగా ఎక్కించేవాళ్లు ప్రోగ్రాం మొట్టమొదట్లోనే ఎంసీయూఎస్‌ఆర్ (రీసెట్ ఎందుకైందో చెప్పే రిజిస్టర్) విలువను దాచుకుని, దాన్ని సున్నా చేసి, వాచ్‌డాగ్‌ను ఆపాలి. ఎంసీయూఎస్‌ఆర్‌లో డబ్ల్యూడీఆర్‌ఎఫ్ బిట్ ఉన్నంతవరకు వాచ్‌డాగ్ ఆగనంటుంది, కాబట్టి ముందు ఆ బిట్, తర్వాత వాచ్‌డాగ్. అటుపై సెటప్ మొదటి లైన్‌లోనే 2 సెకండ్లతో మళ్లీ ఆన్ చేస్తాను. సెటప్ అయ్యాక ఆన్ చేస్తే సెటప్‌లో ఇరుక్కున్నప్పుడు కాపాడేది ఉండదు.

ఎస్టీఎం32లో లెక్క కొంచెం వేరు

బ్లూ పిల్ అనే చిన్న బోర్డు మీద ఉండే ఎస్టీఎం32ఎఫ్103లో స్వతంత్ర వాచ్‌డాగ్ ఎల్‌ఎస్‌ఐ అనే లోపలి క్లాక్ మీద నడుస్తుంది. 40 కిలోహెర్ట్జ్ అని అందరూ లెక్కలు వేస్తారు. డేటాషీట్ తెరిచి చూస్తే 30 నుంచి 60 దాకా ఎక్కడైనా ఉండొచ్చని రాసి ఉంటుంది. ఇది చిన్న తేడా కాదు, ఒకటికి రెండింతలు.

సూత్రం: ప్రీస్కేలర్‌ను (క్లాక్‌ను ఎంతతో భాగించి నెమ్మది చేయాలో ఆ సంఖ్య), రీలోడ్ విలువకు (టైమర్ ఎక్కడినుంచి కిందికి లెక్కపెట్టాలో ఆ సంఖ్య) ఒకటి కలిపిన సంఖ్యతో గుణించి, ఎల్‌ఎస్‌ఐ ఫ్రీక్వెన్సీతో భాగించాలి. ప్రీస్కేలర్ 4 నుంచి 256 దాకా రెండింతలుగా పెరుగుతుంది. రీలోడ్ 4095 దాటదు. కాబట్టి 40 లెక్కన అన్నిటికన్నా పెద్ద టైమ్ 26.2 సెకండ్లు.

మామూలుగా చేసేది: 2 సెకండ్లు కావాలి, ప్రీస్కేలర్ 32, రీలోడ్ 2499. పుస్తకం లెక్క ప్రకారం సరిగ్గా 2. కానీ మీ చేతికొచ్చిన చిప్పు 60 మీద నడిస్తే అది 1.33 సెకండ్లే, 30 మీద నడిస్తే 2.67. నా కింది హద్దు 1.2 కాబట్టి బొటాబొటిగా బతికింది, హద్దు 1.5 అయితే కొన్ని బోర్డులు ఊరికే రీసెట్ అవుతుండేవి, కొన్ని కావు. అప్పుడు చిప్పు లోపలే ఏదో ఉందని నెలలకొద్దీ వెతుక్కోవాలి.

నేను ఎప్పుడూ ఎక్కువ ఫ్రీక్వెన్సీతో లెక్క మొదలుపెడతాను. 60 దగ్గర కూడా కనీసం 2 సెకండ్లు ఉండాలంటే ప్రీస్కేలర్ 32కు రీలోడ్ 3749 కావాలి. ఇప్పుడు 60 దగ్గర 2 సెకండ్లు, 40 దగ్గర 3, 30 దగ్గర 4. మూడూ నా 1.2కు పైనే ఉన్నాయి, ఏదీ 4 దాటలేదు. సంఖ్య ఖాయం చేసే ముందు ఇట్లా రెండు చివరలా చూసుకోండి. ఏదైనా ఒక చివర హద్దు దాటిందంటే ఆ సంఖ్య పనికిరాదు.

రిజిస్టర్లతో చేసేవాళ్లకు: కీ రిజిస్టర్‌లో హెక్స్ 5555 రాస్తే ప్రీస్కేలర్, రీలోడ్ మార్చడానికి తాళం తెరుచుకుంటుంది. నాలుగు 'ఏ'లు రాస్తే కిక్, నాలుగు 'సీ'లు రాస్తే ఆన్. ఒకసారి ఆన్ అయ్యాక రీసెట్ తప్ప ఆపే దారి లేదు, చిప్పును స్టాప్ మోడ్‌లో నిద్రపుచ్చినా అది లెక్కపెడుతూనే ఉంటుంది. డీబగ్గర్‌తో బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగినప్పుడు రీసెట్ అవుతుంటే డీబీజీఎంసీయూ రిజిస్టర్‌లో స్వతంత్ర వాచ్‌డాగ్‌ను నిలిపే బిట్ ఉంది, దాన్ని 1 చేయండి. ఈ చిప్పులో విండో వాచ్‌డాగ్ అని ఇంకోటి కూడా ఉంది, కిక్ ఆలస్యమైనా రీసెట్టే, తొందరగా వచ్చినా రీసెట్టే. 36 మెగాహెర్ట్జ్ బస్ మీద దాని గరిష్ఠం 58 మిల్లీ సెకండ్లే కాబట్టి మా పనికి అది దండగ.

ఈఎస్‌పీ32 అనే వైఫై చిప్పు వాడేవాళ్లకు ఒక్క మాట: టాస్క్ వాచ్‌డాగ్ మామూలుగా 5 సెకండ్లు, ఇంటరప్ట్ వాచ్‌డాగ్ 300 మిల్లీ సెకండ్లు. ఆర్డుయినో లూప్ నడిచే టాస్క్‌ను వాచ్‌డాగ్ జాబితాలో మనమే చేర్చాలి. ఆ చిప్పు పాత ఐడీఎఫ్‌లో (దాని ప్రోగ్రాం రాసే కిట్‌లో) టైమ్‌ను సెకండ్లలో ఇచ్చేవాళ్లం, ఐదో వెర్షన్ నుంచి ఒక స్ట్రక్చర్‌లో మిల్లీ సెకండ్లలో ఇవ్వాలి. పాత ఉదాహరణను కాపీ కొట్టేటప్పుడు ఇది చూసుకోండి.

పెట్టిన టైమ్ నిజంగా ఎంతుందో చూడటం సులువు. వాచ్‌డాగ్ ఆన్ చేసి, కిక్ ఇవ్వకుండా, ఆన్ చేసినప్పటి నుంచి ఎంతసేపైందో సీరియల్‌లో వరుసగా ప్రింట్ చేస్తూ పోండి. రీసెట్‌కు ముందు చివరగా కనిపించిన సంఖ్యే ఆ చిప్పు అసలు టైమ్. బజారులో దొరికే బ్లూ పిల్స్‌లో చాలావాటిమీద ఉన్నది క్లోన్ చిప్పు, కాబట్టి కొత్త బ్యాచ్ కోఠి నుంచి తెచ్చినప్పుడల్లా రెండు మూడింటికి ఈ పరీక్ష చేస్తాను. వేడిలో కూడా చేయాలి. మే నెలలో నల్లగొండలో 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు, ఎండలో ఉన్న ఇనుప డబ్బా లోపల అంతకన్నా ఎక్కువే. నేను బోర్డును డబ్బాలో పెట్టి మధ్యాహ్నం మిద్దె మీద వదిలేసి, ల్యాప్‌టాప్‌ను మాత్రం నీడలో పెట్టుకుంటాను.

కిక్ ఎక్కడ పెట్టాలి

ప్రోగ్రాం మొత్తంలో ఒక్కచోటే, లూప్ చివర్లో. టైమర్ ఇంటరప్ట్‌లో మాత్రం పెట్టొద్దు. మెయిన్ ప్రోగ్రాం చచ్చిపడినా ఇంటరప్టులు మామూలుగా వస్తూనే ఉంటాయి. నిద్రపోయిన వాచ్‌మన్ చేతికి గంట కట్టి, ఫ్యాను గాలికి అది మోగుతుంటే మేలుకునే ఉన్నాడనుకున్నట్టు ఉంటుంది.

లూప్ చివర్లో కూడా ఊరికే కిక్ ఇవ్వను. మూడు పనులకు మూడు బిట్లు పెట్టుకుంటాను: ఫేజుల కొలత పూర్తయితే ఒకటి, రిలేల పని చూసినట్టు ఒకటి, మాడ్యూలు దశలను చూసినట్టు ఒకటి. మూడూ 1 అయితేనే కిక్, వెంటనే మూడూ సున్నా. కొలత దగ్గర విలువ కూడా చూస్తాను. ఏడీసీ (వోల్టేజీని సంఖ్యగా మార్చే భాగం) వరుసగా ఒకే సంఖ్య ఇస్తుంటే, అందులో ఒక్క బిట్ కూడా కదలకపోతే, కొలత జరిగినట్టు లెక్కగట్టను.

మాడ్యూలు ఇరుక్కుంటే చిప్పును రీసెట్ చేసి లాభం లేదు. చిప్పు కొత్తగా లేస్తుంది, మాడ్యూలు మాత్రం అక్కడే మొండిగా కూర్చుని ఉంటుంది. దానికి దాని రీసెట్ కాలును గ్రౌండ్‌కు లాగాలి, లేదా దాని సప్లైనే ఒక మాస్‌ఫెట్‌తో (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్‌తో) తీసి పెట్టాలి. నేను రెండోదే చేస్తాను. అది ఒక్క క్షణం 2 ఆంపియర్లు గుంజుతుంది కాబట్టి మాస్‌ఫెట్‌నూ కెపాసిటర్‌నూ గట్టివి వేయండి. ఇక్కడ కక్కుర్తి పడితే వచ్చే రీసెట్లకు వాచ్‌డాగ్‌ను తిట్టుకోవాల్సి వస్తుంది.

రీసెట్ తర్వాత

రీసెట్ అయిన క్షణంలో పిన్నులన్నీ గాలిలో తేలుతాయి. రిలే ట్రాన్సిస్టర్ బేస్ నుంచి గ్రౌండ్‌కు 10కే రెసిస్టర్ తప్పనిసరి. ఇరుక్కున్న స్టార్ట్ రిలేను విడిపించేది ఇదే.

తర్వాత దాచుకున్న ఎంసీయూఎస్‌ఆర్ చూడండి. పీఓఆర్‌ఎఫ్ ఉంటే కరెంటు పోయి వచ్చింది. బీఓఆర్‌ఎఫ్ ఉంటే వోల్టేజీ పడిపోయింది, సప్లై చూడండి. డబ్ల్యూడీఆర్‌ఎఫ్ ఉంటేనే వాచ్‌డాగ్. మూడింటికీ ఒకే వైద్యం కాదు. కరెంటు తిరిగొచ్చినప్పుడు మోటర్‌ను వెంటనే లేపొద్దు. పైపులో ఉన్న నీళ్లు కిందికి దిగుతుంటే మోటర్ వెనక్కి తిరుగుతూ ఉండొచ్చు. పైగా ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ ఒకేసారి లేస్తే దాని పని అయిపోతుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పింది గుర్తుండే ఉంటుంది. నా బోర్డుల్లో ఒక్కోదానికి ఒక్కో ఆలస్యం పెడతాను, అది కూడా రైతు ఆన్‌లో పెట్టుకుంటేనే.

వాచ్‌డాగ్ రీసెట్ అయితే మాత్రం నడుస్తున్న మోటర్‌ను ఆపను. ముందు కరెంటు కొలిచి, మూడు ఫేజులూ సరిగ్గా ఉంటే మోటర్ నడుస్తున్నదని రాసుకుని పనిలో పడతాను. మడిలో నీళ్లు పారుతుంటే మధ్యలో ఆపడం ఎందుకు? కానీ లెక్క మాత్రం ఉంచుతాను. ప్రతి వాచ్‌డాగ్ రీసెట్‌కు ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) ఒక అంకె పెంచుతాను. ఈ చిప్పు ఈఈప్రామ్‌కు లక్ష రాతల ఆయుష్షు ఉంటుంది, రీసెట్‌కొక్కసారి రాస్తే చాలా ఏళ్లు వస్తుంది. పది నిమిషాల్లో మూడుసార్లు అయితే మోటర్ ఆపి, రైతుకూ నాకూ మెసేజ్ పంపి, చేత్తో బటన్ నొక్కేదాకా లాక్.

ఆ అంకె చాలా చెప్తుంది. కాంటాక్టర్ ఆన్ ఆఫ్ అయినప్పుడే రీసెట్లు వస్తున్నాయంటే ప్రోగ్రాంలో వెతకొద్దు. కాంటాక్టర్ కాయిల్ మీద 100 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం కెపాసిటర్ సీరీస్‌లో కలిపి వేయండి, సెన్సార్ తీగలను పవర్ తీగల పక్కనుంచి తీసేయండి. చాలాసార్లు దీంతోనే సద్దుమణుగుతుంది. ఇట్లాంటప్పుడు టైమ్‌ను 2 నుంచి 8కి పెంచితే రీసెట్లు తగ్గవు, బోర్డు చచ్చిపడి ఉండే టైమ్ ఒక్కటే పెరుగుతుంది.

చివరగా, బోర్డును ఇచ్చేముందు దాన్ని కావాలని చంపి చూడాలి. నా ప్రోగ్రాంలో హ్యాంగ్ అనే మెసేజ్ వస్తే అనంత లూప్‌లోకి పోయే కమాండ్ ఉంటుంది. మూడు రకాలుగా చంపుతాను: మామూలుగా, స్టార్ట్ రిలే పల్స్ మధ్యలో, ఇంటరప్టులు ఆపేసి. కాంటాక్టర్‌కు మోటర్ బదులు మూడు బల్బులు కట్టి, ఒక బల్బు తీసేసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తాను. మిగతా రెండు 8 సెకండ్లలోపు ఆరిపోవాలి. ఆరకపోతే బోర్డు దుకాణం దాటదు. పరీక్ష అయ్యాక ఆ కమాండ్‌ను తీసేయను, నా నంబర్ నుంచి వస్తేనే పనిచేసేట్టు కడతాను. డబ్బా మూత లోపల ఒక స్టిక్కర్ మీద వాచ్‌డాగ్ టైమ్, రీలోడ్ విలువ, ఆ చిప్పుకు కొలిచిన అసలు టైమ్ రాసి అంటిస్తాను.